టమాటా లేని గంబో

“టమాటా వేశాడు!” ఎల్డీన్ గిడ్రీ చెంచా బల్లమీద పడేసింది. “గంబోలో టమాటా! చూశావా ఒవీడ్?”

మొగుడు చూడలేదు. తన పులుసు గిన్నె ముట్టుకోనే లేదు. కిటికీ అవతల ఇండియానా మొక్కజొన్న పొలాలు కోతలయిపోయి బోడిగా పడి ఉన్నాయి. లోపల గోడ నిండా ప్లాస్టిక్ మొసళ్ళు, రంగు పూసల దండలు. లూసియానా నుంచి ఇంత దూరం కారు తోలుకొచ్చిన ముసలాయనకి ఆ మొసళ్ళని చూస్తే నవ్వు కూడా రాలేదు.

ఎల్డీన్ మనసొప్పక మళ్ళీ రుచి చూసింది. “ఉత్త నీళ్ళు. పిండి నూనెలో వేయించే ఓపిక లేక పచ్చిదే కలిపేశాడు. అది తెలీకుండా కారం గుప్పాడు. మా లూసియానా కేజన్ వాళ్ళంటే నిప్పులు మింగేవాళ్ళనుకున్నాడు కాబోలు. ఇది మా క్లోవిస్ తింటాడా?”

“ఆకలేస్తే తింటాడు.”

“రేపు వాడికి పెట్టేది ఇదే ఒవీడ్! వాడు అడిగింది గంబో ఒక్కటేనని ఫాదర్ ఫోన్లో చెప్పాడుగా. ఇంటినుంచి తెచ్చింది లోపలికి రానివ్వరు. ఈ ఊళ్ళో గంబో అన్న పేరు రాసుకున్నది ఈ ఒక్క హోటలే.”

“పెట్టనీ. వాడికి ఇదే ఎక్కువ.”

“నోటికొచ్చినట్టు అనకు.”

“నువ్వు మా క్లోవిస్, మా క్లోవిస్ అనడం మానెయ్. నేనూ మానేస్తాను.”

“ఇంకేమనను? గిన్నె పట్టుకుని నా పొయ్యి చుట్టూ తిరుగుతూ పెరిగినవాడు.”

ఒవీడ్ గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న సున్నాన్ని గిల్లుకుంటూ కూర్చున్నాడు.

హోటలాయన డ్వైట్ చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో వచ్చాడు. “ఎలా ఉందమ్మా? అచ్చమైన కేజన్ వంట మాది!”

“నువ్వెక్కడి వాడివి నాయనా?”

“ఈ ఊరే.”

“లూసియానా ఎప్పుడైనా చూశావా?”

“ఒకసారి విమానంలో వెళ్తూ పైనుంచి చూశాను.”

“వంట కూడా పైనుంచే నేర్చుకున్నట్టున్నావు.”

డ్వైట్ మొహం ముడుచుకుంది. ఎంగిలి గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. “పోనీ, ఇంకేమైనా తెమ్మంటారా?”

“నాకేం వద్దు. నన్ను నీ వంటింట్లోకి రానియ్యి. రేపటి గంబోకి పిండి వేయించి పెట్టి పోతాను. రేపటికేం పాడవదు. తక్కినవి ఎప్పుడు వెయ్యాలో చెబుతాను.”

“బయటివాళ్ళు వంటింట్లోకి రాకూడదమ్మా. అయినా, అంత అవసరం ఏమొచ్చింది?”

“రేపు జైలుకి పంపిస్తున్నావుగా. ఒక్కడికి.”

డ్వైట్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ ఆర్డరు ఎవరికోసమో అతనికి తెలుసు. రేపు సాయంత్రం ప్రభుత్వం ప్రాణం తీయబోయే మనిషి, ఆఖరి భోజనంగా అడిగిన గంబో అది.

“అయితే మీరు... ఆయనకి...”

“బంగాళాదుంప సలాడ్ ఉందా?” ఎల్డీన్ అతన్ని మాట పూర్తిచేయనివ్వలేదు. “ఒక ముద్ద గంబో మధ్యలో వెయ్యాలి. పక్కన పెట్టి పంపావంటే ఊరుకోను. చిన్నప్పుడు వాడూ, మా ఆల్సీ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. ఆ ముద్ద కోసం చెంచాలతో కొట్టుకునేవాళ్ళు.”

“ఆల్సీ కూడా వచ్చాడా అమ్మా?”

“వాడు అక్కడే. నవంబరు కదా, వాడి చోటికి సున్నం వేసి, పూలకుండీలు పెట్టి బయల్దేరాం. ఏటా వేస్తాం.”

ఏదో ఒకటి అనాలని డ్వైట్, “సున్నం వేస్తే ఇంటికి కళ వస్తుంది,” అన్నాడు.

“చిన్నదే నాయనా. ఒక్కడికేగా.”

అది ఇల్లు కాదని డ్వైట్‌కి అప్పుడు తట్టింది. వంటింటి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఇనప మూకుడులో నూనె కాగింది, పిండి పడింది. ఇక చెక్క గరిటె ఆగకూడదు. మనిషి పొయ్యి వదలకూడదు. నల్లచుక్క ఒక్కటి కనిపించినా అంతా పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. తెల్లటి పిండి గోధుమ రంగుకి తిరిగింది, రాగి రంగుకి తిరిగింది. ఇంకా ముదరాలి. ఎల్డీన్ భుజం పట్టేసింది. చెయ్యి మార్చింది. ఆ చెయ్యీ నెమ్మదించింది. డ్వైట్ గరిటె అందుకోబోతే మోచేత్తో నెట్టేసింది.

“నీకు రంగు తెలీదు, తప్పుకో.”

“మాడ్చేస్తావు. ఇటియ్యి.”

ఒవీడ్. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో గుమ్మంలో.

“నీకెందుకు? వాడికి ఆ నీళ్ళే ఎక్కువన్నావుగా.”

“పిండి మాడుతుంటే చూడలేను. ఇయ్యి.”

ఎల్డీన్ గరిటె ఇచ్చి బియ్యం బస్తా మీద కూలబడింది. భుజం నొక్కుకుంటూ, మొగుడి వీపుతో చెప్పినట్టుగా అంది. “చేసినదానికి రేపు పోతున్నాడు. పోయేవాడు ఆకలితో ఎందుకు పోవాలి ఒవీడ్?”

ఆయన తిప్పుతూనే ఉన్నాడు. గరిటె పట్టిన వేళ్ళు తెల్లబడ్డాయి. మూకుడులో పిండి చాక్లెట్ రంగుకొచ్చి, హోటలంతా కమ్మటి వాసన కమ్ముకుంది. ఆ గోడల మధ్య అలాంటి వాసన ఎన్నడూ పుట్టి ఉండదు.

డ్వైట్ పొయ్యి దగ్గరికొచ్చాడు. “గంబోతో పాటు కబురేమైనా పంపమంటారా? అమ్మానాన్నలే వచ్చి వండారని చెప్పిస్తాను.”

“చెప్పొద్దు.” ఒవీడ్ గరిటె ఆపలేదు, తలెత్తలేదు. “వాడు పొరుగింటి పిల్లాడు. మేం ఆల్సీ అమ్మానాన్నలం.”

మూకుడు అడుగంతా గరిటెతో గీరి, ఆయనే మళ్ళీ అన్నాడు.

“వాడు చంపింది ఆల్సీనే.”