లోపలి మెత్త

టీ వడకట్టే జల్లెడ మాయమైంది.

"దాన్ని కూడా అతికించేశారా?" అడిగింది భార్య.

"నోటి దగ్గర గాలి ఆడాలిగా," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"మరి టీ దేంతో వడకట్టను? మీ బనీనుతోనా?"

గుమాస్తా ఇంకో ఫోమ్ ముక్కకి జిగురు రాశాడు. ఆయన అప్పుడు భూమ్మీద లేడు.

ముందుగది నిండా ఫోమ్ ముక్కలు, జిగురు డబ్బాలు, వెండిరంగు చుక్కలు. ఆ జిగురు కంపుకి వీధిలో ఈగలు కూడా ముక్కు మూసుకుని పక్క వీధికి కాపురం మార్చాయని చెప్పుకునేవారు.

సంగతేమిటంటే, ఊళ్ళో వేషాల పోటీ పెట్టారు. అంతరిక్ష వీరుడి హెల్మెట్‌ని మొదట్నించీ చివరిదాకా ఇంట్లోనే, సొంత చేతుల్తో చెయ్యాలి. పెట్టుకుని నడిచి చూపించాలి. ఆఫీసులో గుమాస్తా పని కవర్లు అతికించడం. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని 'జిగురుగారూ' అనే పిలుస్తారు. ఈ బహుమతి కొడితే ఆ నోళ్ళు మూతపడతాయి. అదీ ఆయన పట్టుదల.

అయితే ఇందులో ఒక రహస్యం ఉంది.

అట్టతో చేసిన మొదటి హెల్మెట్ పెట్టుకోగానే చిరిగింది. ఫోమ్‌తో చేసిన రెండోది ఆయన తుమ్మితే కూలబడింది. దాంతో పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి, ఎవరో బండిమీద తిరిగి పారేసిన హెల్మెట్ ఒకటి కొని, సంచిలో దాచుకుని తెచ్చాడు. దానిమీద ఫోమ్ అతికించి వెండిరంగు కొట్టాడు. ఇక లోపలేముందో కట్టుకున్న పెళ్ళానిక్కూడా తెలియదు.

ఒక్కటే చిక్కు. లోపలి మెత్తకి ఎవరిదో తలనూనె వాసన. ఎవరి తలో, ఏం చుండ్రో. పెట్టుకున్నప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టేవాడు. పీకి కొత్తది వెయ్యాలనుకుంటూనే రోజులు నెట్టాడు.

పోటీకి ముందురోజు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక ముసలాయన. మాసిన గడ్డం. చెమట పట్టి, ఆరి, మళ్ళీ పట్టిన చొక్కా. గోళ్ళనిండా మట్టి. కారే ముక్కుని అరచేత్తో తుడుచుకుని, ఆ చెయ్యే గోడకి ఆనించి నిలబడ్డాడు.

గుమాస్తా చూపు ఆ చేతిమీదే ఆగిపోయింది.

"ఏం కావాలి?"

"బాబూ, తమరేదో హెల్మెట్ చేస్తున్నారటగా."

"అయితే?"

"దాని లోపల పాత హెల్మెట్ ఏమన్నా ఉందా?"

గుమాస్తాకి అర్థమైపోయింది. పోటీకి దిగినవాళ్ళెవరో కూపీ లాగమని పంపారన్నమాట.

"పాతదీ లేదు, గీతదీ లేదు. అంతా నా చేత్తో చేసిందే."

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను బాబూ."

వద్దనేలోపే ముసలాయన లోపలికొచ్చి బల్లమీది హెల్మెట్ అందుకున్నాడు. పెట్టుకోలేదు. తలకిందులు చేసి, అందులోకి మొహం దూర్చి, గట్టిగా వాసన పీల్చాడు.

మొహం బయటికి తియ్యలేదు.

గుమాస్తా ఒళ్ళు జలదరించింది. ఆ ముక్కు, ఆ గడ్డం, ఆ చీమిడి. రేపు తన తల పెట్టాల్సిన చోట.

"ఛీ ఛీ. ఏం మనిషివయ్యా? కుక్కలా ఆ వాసన చూడ్డమేంటి?"

ముసలాయన భుజాలు మాత్రం కదిలాయి. తుమ్ముతున్నాడనుకుని గుమాస్తా ఒక్క అంగలో వెళ్ళి హెల్మెట్ లాక్కున్నాడు. లోపల తడి వేళ్ళకి తగిలింది. గబగబా పక్కనున్న పాత గుడ్డకి చెయ్యి తుడుచుకున్నాడు.

"అదే బాబూ ఇది," అన్నాడు ముసలాయన. "నేనెవరికీ చెప్పను. లోపలిది మాత్రం..."

"ఓహో, బెదిరింపా? నిన్నెవరు పంపారో నాకు తెలుసులే. నడు బయటికి. ముందు స్నానం చెయ్యి, తర్వాత మనుషుల ఇళ్ళకి వెళ్దువుగాని."

"లోపలిది మాత్రం బాబూ..."

తలుపు మూసేశాడు.

"ఎవరండీ?" వంటింట్లోంచి భార్య.

"ఎవడో పిచ్చాడు. ఫినాయిల్ ఎక్కడుంది?"

గోడ కడిగాడు. గుమ్మం కడిగాడు. తోలు ఊడేలా చేతులు కడుక్కున్నాడు. మెత్తని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పీకి, చెత్తబుట్టలో పడేసి, దానిమీద కూడా ఫినాయిల్ ఒంపాడు. చెత్తబండి దాన్ని తీసుకుపోయేదాకా అన్నం సయించలేదు.

"ఆయనింకా ఎదురింటి మెట్లమీదే కూర్చున్నాడండీ," అంది భార్య కిటికీలోంచి చూసి.

"కూర్చోనీ. కంపు బయటే ఉంటుంది."

చెత్తబండి ఆ మెట్ల ముందునుంచే వెళ్ళింది.

మర్నాడు, కొత్త మెత్త అతికించిన ఆ హెల్మెట్‌తో గుమాస్తాకే మొదటి బహుమతి. లోపల కూడా ఎంత శుభ్రంగా ఉందో అని పెద్దలు మరీమరీ మెచ్చుకున్నారు. ఆ ఊపులో ఆయన ఇంకో హెల్మెట్ కోసం పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాడు.

"పెద్దాయన వచ్చాడా అండీ మీ ఇంటికి?" అడిగాడు కొట్టతను. "నేనే పంపించా."

"నువ్వా? ఆ మురికి మనిషినా?"

"మురికి పట్టదేంటండీ మరి. ఊళ్ళో కొట్లూ చెత్తకుప్పలూ అన్నీ గాలించి వచ్చాడు. ఇల్లు మారేటప్పుడు పాత సామానుతోపాటు ఆ హెల్మెట్‌ని కూడా పొరపాటున మా బండెక్కించేశారట."

"ఆ పాత హెల్మెట్ కోసం ఇంత గోలా? కొత్తది కొనుక్కోవచ్చుగా."

"హెల్మెట్ అక్కర్లేదన్నాడండీ. లోపలి మెత్త ఇస్తే చాలన్నాడు. మీరు కాదనరులే అని నేనే ధైర్యం చెప్పా."

గుమాస్తా తన చేతులకేసి చూసుకున్నాడు. ఇంకా ఫినాయిల్ వాసన కొడుతున్నాయి.

"పాపం," అన్నాడు కొట్టతను ఇనుప ముక్కలు ఏరుతూ, "మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయిన కూతురి తల వాసన, ఇంక ఈ లోకంలో ఆ మెత్తలో తప్ప ఎక్కడా మిగల్లేదటండీ ఆయనకి."