ఐర్లాండ్ చెరువుకు నల్ల ఈగ

"ఈ వెంట్రుకలు ఎక్కడివి, రజితా?"

దినేశ్ చేతిలో ఉన్నది మినుము గింజంత నల్ల ఈగ. నిజమైన ఈగ కాదు. చేపను మోసం చేయడానికి గాలానికి దారంతో, ఈకలతో, వెంట్రుకలతో కట్టిన బొమ్మ ఈగ. మణికొండలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు గదిలో అలాంటివి కట్టించి అతను ఐర్లాండుకు పంపుతాడు.

రజిత తల ఎత్తలేదు. "మంచిగ లేవా సార్?"

"మంచిగున్నయి. అందుకే అడుగుతున్న. నేనిచ్చిన మేకబొచ్చు కాదిది."

పక్క బల్ల దగ్గర కోడి ఈకతో ఈగ కడుతున్న భ్రమరాంబ నవ్వింది. "తెల్లాపూరు విల్లాల్లో పనిచేసి వచ్చింది కదండీ. ఏ దొరసాని కుక్కకో సగం గుండు కొట్టి ఉంటుంది."

"గట్లయితే ఇప్పుడే చెప్పు," అన్నాడు దినేశ్. "రేపు ఎవరన్న కంప్లయింట్ ఇస్తే నేను పరేషాన్ అయిత."

"కుక్కది కాదు సార్. దొంగతనం చేయలే."

రజిత మళ్లీ ఈగ కట్టడంలో పడింది. బల్ల మీద వెంట్రుక ఒకటి రాలితే వేలు తడిచేసి అద్ది తీసుకుంది. ఇంకొకటి కింద పడితే మోకాళ్ల మీద కూర్చుని గచ్చంతా వెతికింది.

"బంగారం పడిపోయిందనుకో," అంది భ్రమరాంబ. ఈసారి నవ్వకుండా అంది. "నా మోకాళ్లు అరిగిపోయాయండీ. కూర్చుని చేసే పని నాకిదొక్కటే."

ఎండాకాలం అయ్యేదాకా పని ఒక్కరికే ఉంది. ఐర్లాండులో కొనే పెద్దాయన ఎవరి ఈగను ఎంచుకుంటే వాళ్లు ఉంటారు. రెండో మనిషి రేపటినుంచి రానక్కర్లేదు. విల్లాల తర్వాత చేరిన గచ్చిబౌలి ఆఫీసుల బాత్రూముల్లో యాసిడ్‌కు పొక్కిన రజిత వేళ్లు ఈ మధ్యే మానాయి. మళ్లీ ఆ బకెట్ పట్టుకోవడం ఆమె వల్ల కాదు.

మధ్యాహ్నం రెండున్నరకు ల్యాప్‌టాప్‌లో ఐర్లాండ్ పెద్దాయన కనిపించాడు. దినేశ్ కెమెరా ముందు గాజు తొట్టి పెట్టి నీళ్లు పోశాడు. మొదట భ్రమరాంబ ఈగను వేశాడు. అందంగానే ఉంది కానీ పుల్లముక్కలా బిర్రుగా మునిగింది. తర్వాత రజితది వేశాడు. నీళ్లు తగలగానే వెంట్రుకలు విచ్చుకున్నాయి. ఎవరూ కదపకుండానే, కాళ్లు ఆడించినట్టు అటూ ఇటూ మెల్లగా కదిలాయి.

పెద్దాయన ముఖం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు. ఏదో అన్నాడు.

"ఏమంటున్నడు సార్?"

"ఆడ చలి ఇప్పుడిప్పుడే పోతున్నదంట. చెరువు మీద నల్ల దోమలు లేస్తున్నయంట. ట్రౌట్ చేపలు ఇప్పుడు గవి తప్ప ఇంకోటి ముట్టవంట. నీ ఈగ ప్రాణమున్నట్టే ఉన్నదంటున్నడు. నాలుగు వందల ఈగలు కావాలంట."

భ్రమరాంబ ఈకలు డబ్బాలో సర్దుకోవడం మొదలుపెట్టింది. రజిత తొట్టిలోకే చూస్తోంది.

"ప్రాణమున్నట్టు అన్నడా?" అంది.

"అన్నడు." దినేశ్ హుషారుగా ల్యాప్‌టాప్ మూసి కాగితం తీశాడు. "సరుకు దేశం దాటాలంటే బొచ్చు ఏ జంతువుదో రాసియ్యాలె. ఇప్పుడన్న చెప్పు. చెప్పకుంటే ఆర్డర్ భ్రమరాంబకే ఇస్త. నాకు వేరే తొవ్వ లేదు."

రజిత లేచి, గోడకు తగిలించిన టిఫిన్ సంచిలోంచి పసుపు గుడ్డ మూట తెచ్చింది. ముడి విప్పింది. లోపల ఒక రూపాయి బిళ్ల. దాని పక్కన పట్టుకుచ్చులా నల్లటి వెంట్రుకలు, గుప్పెడు కూడా లేవు.

భ్రమరాంబ చేతులు ఆగిపోయాయి. "ఇది ముడుపు కదే," అంది.

"నాలుగొందలకు చాలవు సార్," అంది రజిత.

"చాలకుంటే ఇంకిన్ని తెప్పిద్దాం. జర జల్దీ చెప్పు, ఏం రాయాలె?" దినేశ్ పెన్ను గడి మీద ఆనించాడు.

"పింకీ అని రాయుండ్రి. పదకొండు నెలల నా బిడ్డ. గుట్ట దేవునికి మొక్కిన పుట్టెంటికలు సార్ ఇవి, తీయించే దినం దాకా అది ఉండలే."