పరుపు పక్కన పరిపరి

అత్తగారు మళ్ళీ మొదలుపెట్టింది. తలుపు సందులోంచి చూస్తున్న మినాకోకి ఒళ్ళు మండిపోయింది.

సోకా ఊళ్ళో వాళ్ళది సెంబెల కొట్టు. బియ్యప్పిండి బిళ్ళలను బొగ్గుల మీద కాల్చి, సోయా సాస్ పూసి అమ్ముతారు. మామగారు గింజిరో మొన్నమొన్నటిదాకా ఆ పొయ్యి ముందు నుంచి లేచిన మనిషి కాదు. కొరికినప్పుడు అప్పడంలా తేలిగ్గా విరిగితే వచ్చే చప్పుడు పరిపరి, దవడకు పని చెబితే బరిబరి. ఆయన కొట్టులో పరిపరి తప్ప ఇంకోటి అమ్మి ఎరగడు. పక్షవాతం వచ్చి మింగడం కష్టమయ్యాక డాక్టరు గట్టివన్నీ మానిపించాడు. ఇప్పుడు మూడు పూటలా గంజే. అదీ రెండు చెంచాలు తాగి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

అలాంటి మనిషి చెవి దగ్గర చేరి అత్తగారు ఫుసాయె రోజూ మధ్యాహ్నం సెంబెలు కొరుకుతుంది. అదీ నోరు మూసుకుని మర్యాదగా కాదు, వీధి చివరికి వినిపించేలా. ఆయన పాపం కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. తినడం కాగానే ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళి కొడుకు షోహెయ్ మీద ఎగురుతుంది. మొగుణ్ణి ఏడిపించింది చాలలేదు కాబోలని మినాకో అనుకునేది.

భర్త షోహెయ్‌తో మొత్తుకుంటే, అమ్మ సంగతి నీకింకా తెలీదులే అని నవ్వేశాడు. కాపురానికి వచ్చి నెల తిరగలేదు, నోరెత్తితే బాగుండదని ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. ఇవాళ మామగారి కనుబొమలు ముడిపడటం చూశాక ఇక ఆగలేకపోయింది. తలుపు తోసుకుని వెళ్ళి అత్తగారి చేతిలో పళ్ళెం లాక్కుంది.

"ఇక చాలత్తయ్యా. తినలేని మనిషి ముందు కూర్చుని ఆ నమలడమేంటి? మీకసలు మనసెలా ఒప్పుతోంది?"

ఫుసాయె నోట్లో ముక్క నింపాదిగా మింగింది. కోపం తెచ్చుకోలేదు.

"నన్నెందుకే అడుగుతావు? ఆయన్నే అడుగు."

మినాకో పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"మీరే చెప్పండి మామయ్యా. ఈ చప్పుడు వింటుంటే మీకు బాధగా లేదూ?"

గింజిరో కళ్ళు తెరిచాడు. వంకరపోయిన పెదవులు కూడదీసుకుని, ఒక్కో మాటా మెల్లిగా పలికాడు.

"ఎందుకుండదమ్మా. చాలా బాధగా ఉంది."

చూశారా అన్నట్టు మినాకో అత్తగారి వైపు తిరిగింది. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు.

"ఇవాళ్టివన్నీ బరిబరి, కొట్లో పెట్టొద్దని అబ్బాయికి చెప్పు."