పాత బెల్టు

మా ఊళ్లోనే కరాటే నేర్పే ఓ కుర్రాడున్నాడు, వాడి వీడియోలు లక్షలమంది చూస్తారు. నా కరాటే క్లాసుకి పట్టుమని పదిమంది రారు. ఒళ్లు మండదూ?

అందుకే ఫోన్లో "పాత బెల్టు" అని దొంగపేరు పెట్టుకుని, వాడి ప్రతి వీడియో కిందా కడిగిపారేశాను. "అదీ ఒక తన్నేనా? నడుము తిప్పకుండా కాలు లేపుతుంటే, స్తంభం కనబడ్డ కుక్కలా ఉన్నావు."

వాడు మాత్రం ప్రతిసారీ, "నిజమేనండీ, సరిచేసుకుంటాను" అనేవాడు. ఆ మర్యాద చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇక ముఖాముఖీ తేల్చుకుందామని వాడి క్లాసుకే వెళ్లాను. "నేనూ కరాటే మాస్టర్నే. ఒక రౌండు ఆడదామా?"

"తప్పకుండా మాస్టారూ," అని నడుం వంచి నమస్కరించాడు.

కాసేపట్లోనే చాప మీద వెల్లకిలా పడ్డాను. కాలితో పాటు వాడి నడుము గిర్రున తిరిగింది. నేను తిట్టిన తప్పుల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

చెయ్యందించి లేపాడు. ఉండబట్టలేక అడిగాను. "ఈ తన్ను ఎవరు నేర్పారయ్యా?"

"పాత బెల్టు అని ఒకాయన, మాస్టారూ. నోరు దురుసు గానీ, ఆయన కన్ను గొప్పది. ఎదురుపడితే కాళ్లకి దండం పెడతాను. మీకేమైనా తెలుసా ఆయన?"

ఆ తిట్లు రాసిన చేత్తో ఆ దండం ఎలా అందుకోను? "ఆయనెవరో నాకెలా తెలుస్తుంది!" అని చెప్పులేసుకుని బయటపడ్డాను.

వాడి మీద కుళ్లు అక్కడే చల్లారింది. కానీ ఇన్నేళ్లలో నా శిష్యుల్లో ఒక్కడైనా నా గురించి అలా అన్నాడా? ఇంటికొచ్చేదాకా ఆ పాత బెల్టుగాడి మీద కడుపు మండుతూనే ఉంది.