ఏమీ అడగని లాడ్జి

ఇస్త్రీ బల్ల మీదున్న ఎవరిదో చొక్కా పక్కకు తోసి, తమ్ముడు దీవి పటం పరిచాడు.

"ఆ చొక్కా నలిగిందంటే నీ వీపు ఇస్త్రీ చేస్తా," అంది అక్క.

"ఇటు చూడక్కా. ఇది పడవల రేవు. ఇది ఊరు. ఇదంతా ఇసుక."

"మిగతాదంతా?"

"నీళ్లు."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి చూసింది. పటంలో నీలం రంగు బల్ల అంచు దాటి కిందికి వేలాడుతోంది.

వాడు లిఫ్టు మెకానిక్. పొద్దస్తమానం చీకటి గోతిలో, గ్రీజు పట్టిన ఇనుప తాళ్ల నడుమ పని. తలెత్తితే లిఫ్టు అడుగు తప్ప ఏమీ కనబడదు. వీపుకో సంచి తగిలించుకుపోయి, సముద్రం ఒడ్డున నాలుగు రోజులు వెల్లకిలా పడుకోవాలని వాడి కోరిక.

ఆమెకు వాడు తప్ప ఇంకెవరూ లేరు. అమ్మానాన్నలు పోయాక చంకనెత్తుకుని పెంచింది. వాడెక్కడికి వెళ్లినా ఆమెకు కావలసింది ఒక్కటే, తిరిగి ఇంటికి రావడం.

"అంత సంచి మోయగలవా?"

"రోజూ అందులో ఇటుకలేసుకుని మెట్లెక్కుతున్నా."

"లిఫ్టు మెకానిక్కే మెట్లెక్కుతుంటే ఇంక నీ లిఫ్టు ఎవడెక్కుతాడ్రా?"

వాడు నవ్వుతూ దీవిలో ఒక లాడ్జికి ఫోన్ కలిపాడు. అక్కకూ వినబడాలని స్పీకరు పెట్టాడు.

ఎత్తింది ఎవరో పెద్దాయన.

"గది ఉంది బాబూ. ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"ఈతొచ్చా?"

"గది కావాలంటే ఈత కూడా రావాలా సార్?"

ఆయన నవ్వలేదు. "ఇంట్లో ఎవరున్నారు?"

"మా అక్క."

"ఆవిడ ఒక్కతే ఉంటుందా? తోడు ఎవరైనా ఉంటారా?"

తమ్ముడు అక్క మొహం చూశాడు.

"ఆవిడ నంబరు చెప్పు బాబూ."

అక్క ఫోన్ లాక్కుంది.

"ఏమయ్యా, నడుపుతున్నది లాడ్జేనా? ఒంటరి ఆడదాని నంబరుతో నీకేం పని? ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నీలాంటి వాళ్లని చెప్పుతో కొట్టాలి!"

పెట్టేసింది.

"పెద్దమనిషిలా మాట్లాడుతూనే ఎంతకి తెగించాడో చూడు! వాడి గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

తమ్ముడు ఇంకో లాడ్జికి చేశాడు. క్షణంలో మాట అయిపోయింది.

"వీళ్లు పేరు కూడా అడగలేదక్కా. వచ్చెయ్ చూసుకుందాం అన్నారు."

"అదీ మర్యాదంటే," అంది అక్క, చొక్కా మళ్లీ బల్ల మీదికి లాక్కుంటూ.

దీవిలో దిగిన సాయంత్రం వాడు ఫోన్ చేశాడు.

"ఇక్కడ ఆకాశానికి పైకప్పు లేదక్కా!"

"ఆకాశానికి పైకప్పేమిట్రా, పిచ్చి సన్నాసీ! అన్నం తిన్నావా?"

మర్నాటి నుంచి వాడి ఫోన్ పలకలేదు. ఊరు తిరిగే సరదాలో మరిచాడనుకుంది. తర్వాత ఛార్జింగు లేదేమో అనుకుంది. వస్తానన్న రోజు కూడా రాకపోయేసరికి ఇస్త్రీ షాపు మూసి పడవెక్కింది.

ఆ లాడ్జివాళ్లకు వాడి సంగతే తెలియదు. చెప్పకుండా వెళ్లిపోయాడనుకున్నారట. వాడి సంచి మెట్ల కింద పడి ఉంది.

అక్కణ్ణుంచి ఆమె పోలీసు దగ్గరికి వెళ్లింది. "మా తమ్ముడండీ," అంటూ ఫోన్‌లో ఫొటో చూపించింది.

పోలీసు ఫొటో చూశాడు. ఆమె వంక చూడలేకపోయాడు.

"రామ్మా," అని ముందు నడిచాడు.

దారిలో అతనే చెప్పాడు. అలలు లేకుండా నెమ్మదిగా ఉన్నచోట నీళ్లలో దిగాడట. కొత్తవాళ్లంతా అక్కడే దిగుతారట. లోపలికి లాగేది కూడా అక్కడేనట. ఫోన్ జేబులోనే ఉండి నీళ్లు తాగిందట.

"ఈ ఎండల్లో శవాన్ని ఉంచడం మా వల్ల కాలేదమ్మా."

ఆమె అతని వెనకే నడిచింది. ఏడుపు కూడా రాలేదు.

ఊరి చివర ఇసుకలో మట్టిదిబ్బలున్నాయి. ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, కొత్త దిబ్బ చుట్టూ కుక్కలు తవ్వకుండా రాళ్లు పేరుస్తున్నాడు.

"నీళ్లలో పోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్లని ఎవరూ ముట్టుకోరు. ఈయనే మోసుకొస్తాడు," అన్నాడు పోలీసు. "అయ్యా, ఆ అబ్బాయి అక్కగారు." అని దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

ముసలాయన చేతులు దులుపుకుని లేచాడు.

"మంచినీళ్లతో స్నానం చేయించానమ్మా. కొత్తబట్ట కప్పాను. అందులో లోటు చెయ్యలేదు."

ఆమె దిబ్బ పక్కన కూలబడింది.

"ఇంటికి కబురు చేద్దామంటే ఎవరి బిడ్డో తెలీలేదు. ఏ లాడ్జిలో దిగాడో, వాళ్లు పేరన్నా అడిగినట్టు లేదు." ఆయన ఇంకో రాయి అందుకున్నాడు. "నాకూ చిన్న లాడ్జి ఉంది. గది కోసం ఫోన్ చేసినవాళ్లందర్నీ ఇంటి నంబరు అడుగుతా. చెడ్డవార్త చెప్పాల్సొస్తే పక్కన తోడున్నారో లేదో కూడా తెలియాలి కదమ్మా. అడిగితే కొందరికి కోపమొస్తుంది. మొన్న ఒకమ్మాయి చెప్పుతో కొడతానంది. పాపం, వాళ్ల తమ్ముడు ఎక్కడ దిగాడో, క్షేమంగా ఇల్లు చేరాడో లేదో."

రాయి సరిగా కుదిరేదాకా నొక్కి, ఆమె వైపు తిరిగాడు.

"నీ తమ్ముడి పేరు చెప్పమ్మా. రాయి మీద రాస్తాను."

ఆమె పెదవులు బిగబట్టి తల దించుకుంది. ఆ పేరు పలికితే, ఆయన తన గొంతు గుర్తుపడతాడు.