పదికి నాలుగు

ముంగిస వేసవంతా తవ్వి ఏడు లెవెళ్ల సొరంగం ఆట విడుదల చేసింది. కుందేలు పొద్దున్నే అందులో దూరి, మేత కూడా మరిచి సాయంత్రం దాకా కేరింతలు కొట్టింది. బయటికి రాగానే, విమర్శకుడు కొంగగారు ఆ ఆటకి పదికి నాలుగు మార్కులే ఇచ్చారని తెలిసింది.

"ఎలా ఉంది?" అని ముంగిస ఆశగా అడిగింది.

కుందేలు నవ్వు దిగమింగుకుంది. "ఏముందిలే బావా, నడుం నొప్పి తప్ప!"

మర్నాడు కొంగగారు చెరువుగట్టున ప్రకటించారు. "పొరపాటైంది. ఆ నాలుగు వేరే ఆటవి. దీనికి తొమ్మిది."

"నేను ముందే అనుకున్నా!" అంటూ కుందేలు పరుగెత్తింది. ముంగిస అప్పటికే సొరంగాన్ని మట్టితో పూడ్చేసింది.

"అయ్యో, కొంగ మాటకే పూడ్చేశావా బావా?"

"కొంగ కాళ్లు ఇందులో పట్టనే పట్టవు, దాని మాట నాకెందుకు? నువ్వు రోజంతా ఆడి చెప్పావు కదా!"