పచ్చపురుగు మందు

“అసలు మందా, నకిలీ మందా? గదొక్కటి చెప్పుండ్రి సారూ.”

అశోక్‌నగర్‌లో మూర్తి గారింటి వరండా మెట్ల మీద కూర్చుని ఎంకమ్మ ఇలా అడగడం మూడో ఆదివారం. చిక్కడపల్లిలో కడుతున్న అపార్టుమెంటు దగ్గర ఇటుకలు మోస్తుంది. పాలమూరు పల్లెలో తన పత్తిచేనుకి కొట్టగా మిగిలిన మందు సీసానూ, పచ్చపురుగులు తొలిచిన కాయలనూ తెచ్చి సూర్యనారాయణమూర్తి గారికి అప్పగించింది. ఆయన నారాయణగూడలో పురుగుల పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్. ఇప్పటికీ ఇంట్లో సీసాల నిండా పురుగుల్ని పెంచుతారు. ఇంటావిడ ఎంత తిట్టినా ఆయనకు పట్టదు.

“పదింతల మోతాదు పెట్టానమ్మా. నీ పురుగు ఒక్కటీ చావలేదు,” అన్నారు మూర్తి గారు.

ఎంకమ్మ ముఖం తేటపడింది. కళ్లు తుడుచుకుని, “అయితే నకిలీదే. నేననుకున్నదే అయింది,” అంటూ లేచింది.

“ఆగాగు. నకిలీదైతే ఆ షాపువాణ్ణి నేనే కోర్టుకీడ్చేవాణ్ణి. అదే మందు ఈగల మీద కొడితే నిమిషంలో పోయాయి. అసలు సిసలు మందే.”

“మరి పురుగెందుకు చస్తలేదు సారూ?”

మూర్తి గారికి హుషారొచ్చింది. చదువుకున్నవాళ్లకు ఇలాంటప్పుడే మాటలు ఎక్కువవుతాయి. సీసాలోని మట్టిరంగు రెక్కలపురుగును చూపించారు.

“నీ కాయల్లో పురుగే ఇలా రెక్కలొచ్చి తల్లైంది. చీకటి పడ్డాక మొగ్గ మొగ్గకీ తిరిగి వందల గుడ్లు పెడుతుంది. మందు కొట్టినప్పుడల్లా వేలు చస్తాయి, ఎక్కడో రెండు మొండివి మిగులుతాయి. వాటి పిల్లలు ఇంకా మొండివి. నెలకో తరం. ఇప్పుడు మందుకి లొంగని పురుగే మిగిలింది. అద్భుతం కదూ?”

ఎంకమ్మ సీసా వైపు చూడలేదు.

“పురుగు చావకున్నా, మందుల విషముంటదా సారూ?”

“ఎందుకుండదు? దీన్ని తప్ప అన్నిటినీ చంపుతుంది.”

ఆమె మెట్ల మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. మూర్తి గారు కంగారుపడి దగ్గరికొచ్చారు.

“ఊరుకో తల్లీ. పంట పోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు.”

“పంట గాదు సారూ. మందు కొట్టొచ్చిన దినమే మా ఇంటాయన ఈదయ్య పానం పోయింది. కక్కుకుంట, దవాఖానకు తీస్కపొమ్మని నా చెయ్యి పట్టుకున్నడు. పురుగే చావని మందు నిన్నేం జేస్తదని, నేనే నవ్వి పండవెట్టిన.”